పాత కమాన్ పట్టీతో కూరగాయల చాకు: పెరట్లో కత్తి చేసుకునే పద్ధతి

మొదటి కత్తిగా బాకు చెయ్యకండి. ఫోన్లో వీడియోలు చూసి, రెండు వైపులా అంచున్న అడుగున్నర బాకు మొదలుపెట్టి, సగంలో అటకెక్కించినవాళ్ళు మా ఒడిశా పర్లాకిమిడిలో నాకు తెలిసే ముగ్గురున్నారు, అందులో ఒకణ్ణి నేనే. బీరకాయలు తరగడానికి, ఉల్లిపాయలు కొయ్యడానికి పనికొచ్చే చిన్న చాకు చెయ్యండి. అలుగు, అంటే కోసే ఇనప భాగం, పొడవు 12 సెంటీమీటర్లు, వెడల్పు 3, పిడి 11, వీపు దగ్గర మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు. దీనికి ఇనుము తక్కువ, బొగ్గు తక్కువ, పాడైతే ఏడుపూ తక్కువ. పైగా రోజూ వంటింట్లో ఉంటుంది కాబట్టి ఎక్కడ తప్పు చేశారో వారం తిరక్కుండా తెలిసిపోతుంది. గోడకు తగిలించిన బాకుతో ఎవరూ ఉల్లిపాయ కొయ్యరు కదా.

చిన్నది చెయ్యమనడానికి చట్టం కూడా ఒక కారణం. 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనల్లో వంటకీ వ్యవసాయానికీ పరిశ్రమకీ వాడే కత్తులను మినహాయించారు, అవి కాకుండా అలుగు 9 అంగుళాల కంటే పొడవున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా ఆయుధాల లెక్కలోకి వస్తుంది. బటన్ నొక్కితే తెరుచుకునే స్ప్రింగు కత్తుల జోలికి అసలు పోవద్దు. చేసిన కత్తిని స్నేహితుడికి చూపిద్దామని సంచిలో వేసుకుని గుణుపూర్ రైలెక్కే సరదా కూడా వద్దు.

ఇక అసలు సంగతి. తెలుగులో పదును అని ఒకే మాట అంటాం గానీ కత్తికి పదునులు రెండు. ఒకటి కొలిమిలో ఇచ్చేది, రెండోది సానరాయి మీద పెట్టేది. సరదాకి ఈ పనిలోకి దిగేవాళ్ళు (నేనూ అంతే) రెండోదాని మీదే ప్రాణం పెట్టి, మొదటిదాన్ని ఏదో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే అయిపోతుందనుకుంటాం. కొలిమిలో పదును తప్పితే రాయి మీద ఎంత రుద్దినా రెండు టమాటాలకే అంచు పోతుంది, లేదా గుమ్మడికాయ మీద పెట్టి నొక్కగానే ముక్క ఊడి వస్తుంది. కాబట్టి ఈ పనిలో మీ ఓపిక అంతా అక్కడ దాచుకోండి.

ముందు ఇనుము. ఇనప కొట్లో దొరికే మామూలు పట్టీ, కిటికీ ఊచ, ఇంటి కడ్డీ ఇవేవీ పనికిరావు. వాటిలో కార్బన్ చాలా తక్కువ, ఎంత కాల్చి ముంచినా గట్టిపడవు. పాత జీపుల, లారీల కమాన్ పట్టీలు, అంటే బండి కింద బరువు మోసే స్ప్రింగు పట్టీలు, పనికొస్తాయి, బాగా అరిగిన మంచి ఆకురాళ్ళు (ఇనుము అరగదీసే ఫైళ్ళు) పనికొస్తాయి, కోత మిల్లులో తీసేసిన పట్టీ రంపం కూడా పనికొస్తుంది. కొలిమే వద్దనుకునేవాళ్ళకు ఆ రంపం ముక్క దేవుడిచ్చిన వరం, ఎందుకంటే అది ముందే స్ప్రింగు పదునులో ఉంటుంది, వేడెక్కకుండా నెమ్మదిగా అరగదీసి పిడి వేసుకుంటే చాలు. మరీ గట్టి అంచు నిలవదు గానీ పల్చగా ఉంటుంది కాబట్టి కూరలకు హాయిగా తెగుతుంది. నేను మాత్రం కమాన్ పట్టీ గురించే రాస్తాను, పని మొత్తం నేర్పేది అదే.

ఒక పాత సామాన్ల కొట్లో నాకు కమాన్ పట్టీ అని చెప్పి ఇచ్చినది ఉత్త మెత్తటి పట్టీ. నాలుగు రోజులు అరగదీశాక, కాల్చి ముంచాక తెలిసింది, ఆకురాయి దాని మీద వెన్న మీద చాకులా దిగిపోయింది. అప్పట్నుంచి ముందే పరీక్ష చేస్తున్నాను. గ్రైండరు మీద పెడితే మంచి కార్బన్ ఉన్న ఇనుము నుంచి వచ్చే నిప్పురవ్వలు మతాబా పువ్వుల్లా చిట్లుతాయి, మెత్తటి ఇనుము రవ్వలు పొడవుగా గీతల్లా పోతాయి. అది అంచనాకే. ఖాయంగా తెలియాలంటే వేలెడు ముక్క కోసి, ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, చల్లారాక వైసులో బిగించి, పైన గుడ్డ కప్పి సుత్తితో కొట్టండి. కళ్ళకు అద్దాలు ఉండాలి, ముక్క ఎగురుతుంది. టక్కున విరిగి, విరిగిన చోట సన్నటి బూడిద రంగు నున్నగా కనిపిస్తే అది మీకు కావలసిన ఇనుమే. వంగితే తిరిగిచ్చెయ్యండి, తీసుకోరనుకోండి, అది వేరే సంగతి.

ఇంకో మాట, వేల మైళ్ళు తిరిగిన పట్టీలో కంటికి కనబడని పగుళ్ళు ఉంటాయి. తుప్పు గీకేసి కిరసనాయిలు పూసి, పావుగంట ఆగి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన కిరసనాయిలు పైకి ఊరి సుద్ద మీద సన్నటి తడి గీతలా కనిపిస్తుంది. ఆ చోటు వదిలేసి కొయ్యండి. జింకు పూత ఉన్న ఏ వస్తువునీ కొలిమిలో పెట్టకండి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

కొలిమి పెద్ద విషయం కాదు. పాత బ్రేక్ డ్రమ్ము, అడుగున చిల్లుల పైపు, గాలికి చేతితో తిప్పే బ్లోయరు, కట్టెబొగ్గు. కానీ మొదటిసారి మాత్రం మీ ఊరి కమ్మరి దగ్గర కూర్చోండి. మా వీధి చివర ఒక తాత ఉన్నాడు, ఒడియా వాళ్ళు కమారొ అంటారు, మేం కమ్మరి తాత అంటాం, సంతరోజు కొండ దిగి వచ్చే సవర వాళ్ళ గొడ్డళ్ళకు, కొడవళ్ళకు పదును పెట్టడమే ఆయన బతుకు. కమాన్ పట్టీ 6 మిల్లీమీటర్లు ఉంటే దాన్ని 3కి సాగగొట్టడం కొత్తవాడి చేతికి అయ్యే పని కాదు, దాగలి (ఇనప దిమ్మ) మీద ఆయన పట్టకారుతో పట్టుకుంటే నేను సమ్మెట వేశాను, పది దెబ్బల్లో నాలుగు వంకరే. కూలి ఇచ్చి సాగగొట్టించుకోవడంలో సిగ్గేం లేదు. రంగు ముదురు ఎరుపు దిగిపోయాక మాత్రం కొట్టనివ్వకండి, చల్లారిన ఇనుము మీద దెబ్బ పడితే పగులుతుంది.

సాగాక మెత్తబరచాలి, లేకపోతే ఆకురాయి పళ్ళు పోతాయి. ఎర్రగా కాల్చి, అయస్కాంతం అంటుకోని వేడి దాకా తెచ్చి, ఊక బూడిదలో పూర్తిగా పూడ్చి రాత్రంతా వదిలెయ్యాలి. ఊక బూడిద మన వైపు రైస్ మిల్లుల దగ్గర కావలసినంత దొరుకుతుంది, వేడిని పట్టి ఉంచడంలో దానికి మించింది లేదు. నేను గంటన్నరకే ఆత్రం ఆగక కెలికాను.

"ఏటి బాబూ, సల్లారకుండానే తీసీసినావు?"

"పైన చల్లగానే ఉంది కదా తాతా."

"బూడిద సల్లగుంటే ఇనుము సల్లగున్నట్టేటి? పెట్టీసి ఇంటికెళ్ళు, రేపు పొద్దున్న రా."

రెండోసారి మళ్ళీ కాల్చాల్సి వచ్చింది. బొగ్గు దండగ.

మెత్తబడ్డాక ఆకారం. ముందు అట్టముక్క మీద గీసి కత్తిరించి చేతిలో పట్టుకుని చూడండి, నిజంగా వంటింట్లో బల్ల మీద పెట్టి బెండకాయ తరుగుతున్నట్టు ఆడించండి, వేళ్ళు బల్లకు తగులుతుంటే అలుగు మడమ, అంటే పిడి పక్కనుండే అంచు చివర, ఇంకాస్త కిందికి దించాలి. బాగుందనిపించాక ఇనుము మీద గీసి, హాక్సాతో కోసి, ఆకురాయితో అంచులు సరిచెయ్యండి. అంచు అంతా పొడవునా మార్కరుతో రంగు పూసి, సరిగ్గా మధ్యలో రెండు గీతలు గీసుకుని, ఒక వైపు పది రుద్దులు, అవతలి వైపు పది రుద్దులు అలా మారుస్తూ పోవాలి. ఒకే వైపు మొత్తం పూర్తిచేసి తిప్పితే మధ్య గీత తప్పుతుంది. యాంగిల్ గ్రైండరు ఉంటే త్వరగా అవుతుంది నిజమే, గార్డు తీసేసి వాడేవాళ్ళను చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది, అది తీయకండి. తిరిగే వైరు బ్రష్షు, బఫ్ (మెరుగుపెట్టే గుడ్డ చక్రం) దగ్గర గ్లవుజులు కూడా వేసుకోకండి, గుడ్డ చిక్కుకుంటే చెయ్యి లాగేస్తుంది. మాస్కు మాత్రం తప్పనిసరి.

ఈ దశలో రెండు తప్పులు అందరూ చేస్తారు. అంచును ఇప్పుడే కత్తిలా పల్చగా చేసేస్తారు, అలా చేస్తే నూనెలో ముంచినప్పుడు అది పాములా మెలికలు తిరుగుతుంది. రూపాయి బిళ్ళ మందం, అంటే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు, వదిలిపెట్టండి. రెండోది, పిడి దగ్గర, పిడి బద్దల్ని బిగించే చీలలకు రంధ్రాలు వెయ్యడం మర్చిపోతారు. గట్టిపడ్డాక డ్రిల్లు బిట్టు అక్కడ గింగిరాలు తిరుగుతుంది గానీ దిగదు. చీల 5 మిల్లీమీటర్లదైతే రంధ్రం ఒక పిసరు ఎక్కువ వెయ్యండి.

ఇప్పుడు కొలిమి పదును. దీనికి పొద్దు వాలాక కూర్చోండి, పట్టపగలు ఎండలో ఎరుపు ఎంతో కంటికి తెలియదు. నాలుగైదు లీటర్ల పొద్దుతిరుగుడు నూనె నిలువుగా ఉండే ఇనప డబ్బాలో పోసి, అలుగు పూర్తిగా మునిగేంత లోతు ఉందో లేదో ముందే చల్లటి అలుగుతో చూసుకోండి. ప్లాస్టిక్ డబ్బా అని ఎవరైనా అంటే నవ్వకండి, నేను చూశాను. నూనె 50, 60 డిగ్రీలకు వేడిచెయ్యాలి, వేడి నూనె చల్లటి నూనె కంటే పల్చగా ఉండి అలుగు నుంచి వేడిని త్వరగా లాగుతుంది. బండి ఇంజన్ ఆయిలు వాడితే డబ్బు మిగులుతుందని నేనూ ఒకసారి వాడాను, ఆ పొగకు రెండు రోజులు కళ్ళు మండాయి, అందులో ఏమేం కలిసి ఉంటాయో ఆలోచిస్తే ఇంకా భయం. డబ్బా పక్కన దానికి సరిపోయే ఇనప మూత, ఒక బకెట్టు పొడి ఇసుక ఉండాలి. నూనె అంటుకుంటే మూత పెట్టండి. నీళ్ళు పొయ్యకండి, మంట పైకప్పు దాకా లేస్తుంది.

అలుగును బొగ్గుల మధ్య వీపు కిందికి పెట్టి, అటూ ఇటూ కదుపుతూ నెమ్మదిగా కాల్చాలి, పల్చటి మొన ముందు వేడెక్కి మాడిపోకుండా. చీకట్లో శ్రద్ధగా చూస్తే ఒకటి కనిపిస్తుంది: ఎర్రబడిన అలుగులో మబ్బు నీడలాంటి నల్లటి మచ్చ ఒకటి నిలుస్తుంది, చుట్టూ ఎరుపు పెరుగుతున్నా అది కాసేపు కదలదు, తరవాత అంచుల నుంచి కరిగిపోతూ మధ్యకు కుంచించుకుపోయి మాయమవుతుంది. లోపల ఇనుము తీరు మారుతూ ఆ వేడిని తాగేస్తున్న సమయం అది. తీగకు వేలాడదీసిన అయస్కాంతాన్ని ఆనిస్తే అంటుకోదు, ఇనుము 770 డిగ్రీల దగ్గర ఆ గుణం పోగొట్టుకుంటుంది. అక్కడే ఆగకండి, కమాన్ పట్టీకి ఇంకాస్త కావాలి, ఎరుపు నారింజ వైపు తిరిగేదాకా, సుమారు 830. పసుపులోకి పోనిచ్చారో లోపల రేణువులు పెద్దవై కత్తి పెళుసు అవుతుంది. అసలు పదునుకు ముందు ఇలాగే మూడుసార్లు కాల్చి గాలికి నల్లబడేదాకా ఆరబెడితే సుత్తి దెబ్బల బిగువు వదిలి, ముంచినప్పుడు వంకర తిరగడం తగ్గుతుంది.

తరవాత ఆలోచించడానికి టైం ఉండదు. పొడవాటి పట్టకారు, తోలు గ్లవుజు, నిండు చేతుల నూలు చొక్కా. కొలిమి నుంచి తీసిన మరు సెకన్లో మొన ముందుగా నిటారుగా దించండి, కత్తితో కోస్తున్నట్టు ముందుకూ వెనక్కూ కదపండి, పక్కలకు ఊపకండి, ఊపితే ఒక వైపు ముందు చల్లారి విల్లులా వంగుతుంది. పది, పన్నెండు సెకన్లు. తీసి కంటికి ఎదురుగా పెట్టి వీపు వెంట చూడండి, వంకర ఉంటే ఇంకా వేడిగా ఉన్న ఆ కొద్ది క్షణాల్లో మందపాటి గ్లవుజుల చేతులతో నెమ్మదిగా సరిచెయ్యొచ్చు. చల్లారాక ప్రయత్నిస్తే విరుగుతుంది.

మరి తాత కొడవలిని నీళ్ళలోనే ముంచుతాడు కదా అంటారు. నేనూ అదే అనుకుని, అరిగిపోయిన ఆకురాయితో చేసిన ఒక అలుగును నీళ్ళలో ముంచాను. టిక్ మని చిన్న శబ్దం, గోడ మీద బల్లి అనుకున్నాను, తీసి చూస్తే అంచు నుంచి వీపు దాకా వెంట్రుకవాసి పగులు. ఆయన ముంచేది అంచు వరకే, అదీ అరక్షణం, వీపులో మిగిలిన వేడి అంచుకు తిరిగి పాకుతుంటే రంగులు చూసి ఆపుతాడు. యాభై ఏళ్ళ కన్ను అది. మనకు నూనే మంచిది.

చల్లారిన అలుగు మీద పాత ఆకురాయి పెట్టి లాగండి. గాజు మీద జారినట్టు జారితే పదును పట్టింది. ఇప్పుడు అది నిజంగానే గాజు లాంటిది, కింద పడితే ముక్కలవుతుంది, రాత్రికి వదిలేసి పొద్దున్న చూద్దామంటే తనంతట తనే పగలొచ్చు. సబ్బుతో నూనె కడిగి (కడక్కపోతే ఇంట్లో గొడవ, నాకు జరిగింది) వెంటనే ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లార్చి, మళ్ళీ రెండు గంటలు ఉంచండి. కేకులు చేసే చిన్న ఓవెన్లు చూపించే అంకె ఒకటి, లోపలి వేడి ఒకటి, అందుకే ఒక థర్మామీటరు కొనుక్కుని, ట్రేలో ఇసుక పోసి అందులో అలుగు పూడిస్తే వేడి ఎగుడుదిగుళ్ళు తగ్గుతాయి. బయటికి తీశాక గీకిన చోట కాచిన నెయ్యి రంగు వస్తే సరిపోయింది. నీలం వచ్చిందంటే 300 డిగ్రీల దాకా పోయింది, స్ప్రింగుకు బాగుంటుంది గానీ చాకుకు మెత్తన. ఇక్కడి నుంచి గ్రైండరు మీద అరగదీసేటప్పుడు గ్లవుజు లేకుండా పట్టుకోండి, వేలికి చురుక్కుమనగానే నీళ్ళలో ముంచండి. అంచు మీద ఒక్కసారి నీలం మరక కనిపించిందా, అక్కడి మేరకు పదును పోయినట్టే.

పిడి దగ్గర పర్లాకిమిడి వాళ్ళకు ఒక అదృష్టం ఉంది. రాజుల కాలం నుంచీ ఇక్కడ కొమ్ము పని ఉంది, కొమ్ముతో కొంగల, రొయ్యల బొమ్మలు, దువ్వెనలు చేసే ఇళ్ళున్నాయి. గేదె కొమ్ము మొదలు డొల్ల, కొన దగ్గర గట్టి, ఆ మధ్యలోని మందపాటి భాగం నుంచి 7, 8 మిల్లీమీటర్ల బద్దలు రెండు కోయించుకోండి. వేడిచేసి రెండు ఇనప పలకల మధ్య బిగిస్తే చదునవుతుంది, ఆ పని వాళ్ళకే వదిలెయ్యడం మేలు, వేడి ఎక్కువైతే పొరలు విడిపోతాయి. అరగదీస్తే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, ఆరుబయట కూర్చోండి. చదును చేసిన బద్దల్ని రెండు మూడు వారాలు నీడలో ఆరనివ్వాలి, వానాకాలంలో తొందరపడి బిగిస్తే వేసవికి కొమ్ము కుంచించుకుపోయి ఇనుము పైకి తేలుతుంది. కొండల మీద నుంచి జింక కొమ్ము తెచ్చిస్తామని ఎవరైనా అంటే తీసుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. కొమ్ము వద్దనుకుంటే చింతచేవ. నా రెండో కత్తికి 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు పడిపోయిన చింతచెట్టు మొద్దులోంచి ముక్క కోశాను, ఏళ్ళ తరబడి ఆరింది కాబట్టి ఈసరికీ కదల్లేదు.

అతికించేముందు బద్దల ముందు కొసలు, అంటే అలుగు వైపు ఉండేవి, పూర్తిగా నున్నగా చేసెయ్యండి, అతికాక అక్కడికి ఏదీ చేరదు. లోపలి ముఖాలనూ ఇనుమునూ 80 నంబరు ఎమరీ కాగితంతో గరుకుచేసి థిన్నరుతో తుడిచి, నిదానంగా గట్టిపడే రకం అరల్డైట్ పూసి, ఇత్తడి చీలలు దూర్చి, క్లాంపు బిగించండి. బలమంతా పెట్టకండి, జిగురంతా బయటికి వచ్చేస్తే లోపల ఏం మిగులుతుంది? ఒక రోజంతా ముట్టుకోవద్దు.

చివరికి సాన. 400 నంబరు రాయి, తరవాత 1000, ఓపికుంటే 3000. అలుగు వెడల్పు 3 సెంటీమీటర్లు కదా, వీపును రాయి నుంచి 8 మిల్లీమీటర్లు పైకి లేపి పట్టుకుంటే సుమారు 15 డిగ్రీలు వస్తుంది, కొలతకు పెన్సిలు ఒకటి పక్కన పెట్టుకోండి. అవతలి వైపు గోరుకు గరుకు తగిలేదాకా ఒక వైపే రుద్ది అప్పుడు తిప్పండి. ఆఖర్న పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుతూ ఇరవై సార్లు. ఉల్లిపాయ కోస్తే రెండు రోజుల్లో బూడిద నీలం మరకలు పడతాయి, అవి తుప్పు కాదు, తోమి పాడుచెయ్యకండి. ఎర్రటిది తుప్పు. వాడగానే కడిగి తుడిచి, మన వైపు గాలి చెమ్మకు వారానికోసారి కొబ్బరినూనె చుక్క రాస్తే చాలు.

ఆ చింతచేవ పిడి కత్తిని అట్టలో చుట్టి పాతపట్నంలో ఉన్న మా పిన్నికి తీసుకెళ్ళాను. చేతికివ్వబోతే కింద పెట్టరా అని కసిరి, తనే తీసుకుంది. రెండు బంగాళాదుంపలు తరిగి, "బానే తెగుతుంది గానీ, ఈ పిడి నీ చేతికి చేసుకున్నావు, నాకు చిటికెన వేలు బయటే ఉండిపోతుంది" అంది. చూస్తే వేలు బయట ఉండటం కాదు, పిడి మరీ లావై గుప్పిట మూసుకోవడం లేదు. ఆమె చెయ్యి కాగితం మీద పెట్టించి గీసుకుని వచ్చాను. మూడో కత్తికి బద్దలు 5 మిల్లీమీటర్లకు దించుతున్నాను.